సారమ్మ సిస్టర్ ఆపిన పందెం

పాణ్యం దాటాక రోడ్డు పక్కన అంబులెన్సు ఆపుకుని టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో, సైలెన్సర్ పీకేసిన మోటారుసైకిలు ఒకటి చెవులు చిల్లులు పడేలా అరుచుకుంటూ వెళ్లిపోయింది. దాని వెనకే ఇంకొకటి. తోలుతున్న ఇద్దరికీ ఇంకా మీసాలు కూడా సరిగా రాలేదు. వాళ్లు కనుమరుగయ్యాక కూడా కాలిన పెట్రోలు వాసన, వేడెక్కిన రబ్బరు వాసన గాలిలో ఉండిపోయాయి. "సచ్చేకి పోతాండారు నా కొడుకులు" అని టీకొట్టు ఆయన గొణుక్కున్నాడు. నాకు మాత్రం ఆ వాసనలతో పాటు అక్కడ లేని వాసన ఒకటి తగిలింది. ఆసుపత్రి స్పిరిట్టు వాసన. తెల్లచీర కొంగుకు ఎప్పుడూ అంటుకుని ఉండే ఆ వాసన మా సారమ్మ సిస్టర్‌ది.

నంద్యాలలో ఆమెది మా ఎదురిల్లు. సర్కారు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. పొడుగ్గా, భారీగా ఉండేది. ఉద్యోగం వదిలినా తెల్లచీర వదల్లేదు. ఎవరైనా అడిగితే, "రంగుచీర కడితే అద్దంలో ఎవురో అనుకుంటానప్పా" అనేది. ఆమెకొక పాత మోపెడ్ ఉండేది. ఆమె కూర్చున్నాక అది కనిపించేది కాదు. తెల్లచీర ఒక్కటే రోడ్డు మీద తేలిపోతున్నట్టు ఉండేది. ప్రతి సందు మొదట్లోనూ ఆగి, కాలు కింద పెట్టి, హారన్ కొట్టి, రెండు పక్కలా చూసుకున్నాక గానీ కదిలేది కాదు. అప్పట్లో నేను మోటారుసైకిళ్ల మెకానిక్కుని. రిపేరుకొచ్చిన బండిని పరీక్షించే నెపంతో ఊరంతా గాలిలా తిరిగేవాణ్ని. "సిస్టరమ్మా, ఎద్దులబండి గూడా దాటిపోతాది నిన్ను" అని ఏడిపిస్తే, "పోనీలేరా మద్దీ, దానికేం తొందరుందో పాపం" అనేది. నా పేరు మద్దిలేటి. ఆ పేరు కురచ చేసి పిలిచింది ఆమె ఒక్కతే.

ఆ రోజుల్లో మా చుట్టుపక్కల తిరునాళ్లలో మోటారుసైకిళ్ల పందేలు కొత్తగా మొదలయ్యాయి. పంట తీసేసిన చేలలో బాట చదును చేసి తోలించేవాళ్లు. నేను ఒక్కటీ వదిలేవాణ్ని కాదు. గెలిచినవి తక్కువ, పడినవి ఎక్కువ. పడినప్పుడల్లా ఇంటికి పోకుండా, మా అమ్మ కంట పడకుండా, నేరుగా సిస్టరమ్మ వసారాలోకి వెళ్లేవాణ్ని. ఆమె తిట్టదు, నీతులు చెప్పదు. పెట్టె తెరిచి, కళ్లజోడు పెట్టుకుని, నా మోకాలు తన ఒడిలోకి లాక్కునేది. నేను చూసిన నర్సులందరూ మందు రాసేముందు "ఏం కాదు, చీమ కుట్టినట్టుంటాది" అంటారు. ఆమె మాత్రం "నొప్పయితాది. బాగా నొప్పయితాది. అరవాలనిపిస్తే అరువు, నాకేం చెవుడు రాదు" అనేది. ఆ మాట పూర్తికాకముందే దూది పుండు మీద పడేది. నేను వీధి చివర వరకూ వినపడేలా అరిచేవాణ్ని.

"కొంచెం అబద్ధం చెప్పొచ్చు గదా సిస్టరమ్మా" అన్నాను ఒకసారి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ.

"ఇప్పుడు అబద్ధం చెప్తే, రేపు నిజం చెప్పినా నువ్వు నమ్మవు. నా మాట నమ్మకపోతే నా చెయ్యి గూడా నమ్మవు. రోగి చెయ్యి లాగేసుకుంటే నర్సుకేం పనుంటాది?" అంది. తర్వాత లోపలికెళ్లి, క్రిస్మస్‌కి నూనెలో వండిన గులాబీ పువ్వులు డబ్బా అడుగున మిగిలినవి తెచ్చి నా ముందు పెట్టింది. అవి మెత్తబడిపోయాయి. ఆ విషయం కూడా ఆమే ముందుగా చెప్పింది.

ఆ యేడు పాణ్యం దగ్గర ఒక ఊరి తిరునాళ్లలో పెద్ద పందెం పెట్టారు. పొద్దున ఎద్దుల బండలాగుడు, మధ్యాహ్నం మోటారుసైకిళ్లు. గెలిచినవాడికి కొత్త మోటారుసైకిలు. దానికి పూలదండ వేసి పందిట్లో ఎత్తుగా నిలబెట్టారు. దెబ్బలు తగిలితే చూసేందుకు ఎవరైనా కావాలని నిర్వాహకులు అడిగితే, నేనే సిస్టరమ్మ పేరు చెప్పాను. ఆమె వెంటనే ఒప్పుకుంది. "నువ్వెట్లాగూ పడతావు. ఈడిదాకా కుంటుకుంటా వచ్చేదానికన్నా ఆడనే కట్టు కట్టిచ్చుకో" అంది. నా బండి మీద ఎక్కమంటే మాత్రం ఎక్కలేదు. "నాకింగా కొన్నాళ్లు పించను తినాలనుందిరా" అని ఆటోలో వచ్చింది. శామియానా కింద ఇనుప కుర్చీలో, ఒళ్లో మందులపెట్టె పెట్టుకుని కూర్చుంది.

పందేనికి ముందు నేను నా బండి చైను సరిచేసుకుంటుంటే, ఒక కుర్రాడు వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. నాకన్నా రెండు మూడేళ్లు చిన్నవాడేమో. కనుబొమల మీద, చెవుల వెనక సన్నటి తెల్లపొడి అంటుకుని ఉంది.

"అన్నా, పానా ఉండాదా? అద్దాలు ఊడదీయల్ల."

ఇచ్చాను. "ఏందప్పా ఆ పొడి?" అని అడిగాను.

"రాతిపొడి అన్నా. మాది ఆళ్లగడ్డ. మా నాయన విగ్రహాలు చేస్తాడు. ఎంత రుద్దినా పోదు ఇది" అని నవ్వాడు. "మా నాయన దేవుళ్లకు మొకాలు చెక్కుతాడు. నాకింగా పాదాలే ఇస్తాండాడు. నేను తొందరపడతానంట."

అతని పేరు బ్రహ్మయ్య. బండి అతనిది కాదు, స్నేహితుడిది. గీత కూడా పడకుండా తెచ్చిస్తానని ఒట్టేసి తెచ్చుకున్నాడట. పానా తిరిగిచ్చేటప్పుడు దాన్ని తన చొక్కాతో తుడిచి ఇచ్చాడు. మా పరిచయం అంతే. ఇన్నేళ్ల తర్వాత కూడా అతను గుర్తొస్తే, ముందు ఆ పానా తుడిచిన తీరే గుర్తొస్తుంది.

నల్లరేగడి నేల తడిస్తే సబ్బులా జారుతుందని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. దుమ్ము లేవకూడదని నిర్వాహకులు ట్యాంకరుతో బాటంతా నీళ్లు చల్లించారు. పందిరికి ఎదురుగా ఉన్న మలుపులో ట్యాంకరు ఎక్కువసేపు ఆగినట్టుంది, అక్కడ నేల నిగనిగలాడుతోంది. ఆ మలుపు పక్కనే జనం ఎక్కి చూడటానికి ట్రాక్టరు ట్రాలీ ఒకటి నిలబెట్టారు. బ్రహ్మయ్య మొదటినుంచీ అందరికన్నా ముందున్నాడు. బాగా తోలేవాడు, అందులో సందేహం లేదు. నేను వెనక ఉండి అతని వీపునే చూస్తూ వస్తున్నాను. ఆ మలుపులో అతని వెనకచక్రం పక్కకు జారింది. బండి ఒకవైపు, అతనొకవైపు పోయారు. ట్రాలీ ఇనుప అంచుకు అతని రొమ్ము తగిలిన చప్పుడు ఇంజను మోతలో కూడా నాకు వినపడింది.

నేను బ్రేకు నొక్కి, అటూ ఇటూ ఊగి, ఎట్లాగో ఆగాను. తలెత్తేసరికి సిస్టరమ్మ పరిగెత్తుకొస్తోంది. సందు దాటడానికి కూడా కాలు కింద పెట్టే మనిషి, ఆ బురదలో, చెప్పులు ఎక్కడ వదిలేసిందో, చీర మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని పరిగెడుతోంది.

"మద్దీ! బండి అడ్డం పెట్రా!"

ఎందుకని అడగలేదు. నా బండిని బాటకు అడ్డంగా పడేసి, రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాను. వెనకొచ్చేవాళ్లు బ్రేకులు వేసి ఒకరి మీద ఒకరు జారారు. ఒకడు మా అమ్మానాన్నలను కలిపి తిట్టాడు. దూరంలో ఉన్న జనానికి ఏం జరిగిందో తెలియక ఈలలు వేస్తున్నారు.

సిస్టరమ్మ బురదలో మోకాళ్ల మీద కూర్చుంది. హెల్మెట్ పీకబోయిన వాడి చెయ్యి పట్టుకుని ఆపింది. చొక్కా కత్తిరించి, రొమ్ము మీద చెయ్యి వేసి, చెవి పెట్టి విన్నది. జీపు తెమ్మని కేక వేసింది. ఆ తర్వాత నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపుతోనే నాకు అర్థమైపోయింది. బ్రహ్మయ్యకు మాత్రం ఇంకా తెలివి ఉంది.

"సిస్టరమ్మా, బండికేమన్నా అయిందా?" అన్నాడు, ఊపిరి పట్టి పట్టి.

"హ్యాండిలు వంగింది నాయనా. బాగు చేసుకోవచ్చు."

"నొప్పి..."

"తెలుసప్పా. నేనీడనే ఉండా. యాడికీ పోను. నా చెయ్యి పట్టుకో, గట్టిగా పట్టుకో."

అతను పట్టుకున్నాడు. చేనికి అడ్డంపడి జీపు వస్తూనే ఉంది. అది మా దగ్గరికి వచ్చేలోపలే అతని వేళ్లు వదులయ్యాయి. ఆమె మాత్రం వదల్లేదు.

నిర్వాహకుల్లో పెద్దమనిషి వచ్చాడు. కంగారులో ఉన్నాడు. చెడ్డవాడని చెప్పలేను. వేలమంది జనం, పైన ఎండ, పందిట్లో అతిథులు. "సిస్టరమ్మా, పిల్లోన్ని జీపులో ఎక్కిచ్చి పంపిద్దాం. యాడాడనుంచో వచ్చినారు జనం. పందెం ఆపితే గొడవ చేస్తారు. కొంచేపు ఆగి మల్ల మొదులు పెడతాం" అన్నాడు.

ఆమె లేవలేదు. "పాణం ఈడ పోయిందప్పా. ఈ మన్నులోనే. ఈ మన్ను మీద మల్ల బండ్లు తోలిస్తావా?"

"అట్ల గాదమ్మా..."

"మైకు ఇటియ్యి."

వైరు చాలినంత దూరం లాగి మైకు తెచ్చిచ్చారు. ఆమె ఒక చేత్తో బ్రహ్మయ్య చెయ్యి పట్టుకునే, ఇంకో చేత్తో మైకు తీసుకుంది. నన్నడిగి పేరు, ఊరు, తండ్రి పని తెలుసుకుంది. ఆమె గొంతు ఆసుపత్రి వార్డులో రోగుల పేర్లు పిలిచే గొంతు. "ఈ పిల్లోని పేరు బ్రహ్మయ్య. ఆళ్లగడ్డ. వీళ్ల నాయన దేవుళ్ల విగ్రహాలు చేస్తాడు. ఇప్పుడే సచ్చిపోయినాడు. పందెం అయిపోయింది. ఇంటికి పోండి" అంది. అంతే. ఈలలు ఆగిపోయాయి. ట్రాలీ మీద ముసలాయన ఒకడు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. అతన్ని చూసి పక్కనున్నవాళ్లూ తీశారు. గొడవ చేస్తారనుకున్న జనం మాట్లాడకుండా చేల గట్ల మీద బారులు తీరి వెళ్లిపోయారు. దండ వేసిన కొత్తబండి పందిట్లో అలాగే మిగిలింది.

శవాన్ని నంద్యాల ఆసుపత్రికి పంపాక, "వాళ్లింటికి ఎవురు పోతాండారు?" అని అడిగింది ఆమె. ఫోన్ చేద్దామనుకుంటున్నామని నిర్వాహకులు అన్నారు. "ఫోన్లో చెప్పే మాటనా అది?" అంది. నిర్వాహకుల తరఫున ఇద్దరు కుర్రాళ్లు, ఆమె, నేను జీపులో బయల్దేరాం. చీరకంటిన రక్తం కనపడకుండా నా తువ్వాలు అడిగి తీసుకుని ముందు కప్పుకుంది.

ఆళ్లగడ్డలో పొద్దు వాలుతోంది. రోడ్డు పక్కన రాళ్ల పనివాళ్ల పాకల్లో ఉలి చప్పుళ్లు ఇంకా వినిపిస్తున్నాయి. బ్రహ్మయ్య నాన్న ఈశ్వరాచారి ఒక అమ్మవారి విగ్రహం ముందు కూర్చుని, కనురెప్ప దగ్గర సన్నగా చెక్కుతున్నాడు. మమ్మల్ని చూసి ఉలి ఆపాడు.

"యాడనుంచి వచ్చినారమ్మా? విగ్రహం కావల్నా?"

సిస్టరమ్మ ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. "నేను నర్సునప్పా. మీ బ్రహ్మయ్య పందెంలో పడినాడు. బతకలేదు. నేను పక్కనే ఉండా."

ఆయన ఉలి కింద పెట్టాడు. ఇంట్లో చావు జరిగింది, మైల వచ్చింది, ఇంక ఆ విగ్రహాన్ని ముట్టకూడదు. భుజం మీది కండువా తీసి, చెయ్యి తగలకుండా దూరం నుంచే అమ్మవారి ముఖం మీద వేశాడు. ఆ తర్వాతే ఆయనకు ఏడుపొచ్చింది.

తల్లి నారాయణమ్మ లోపలినుంచి వచ్చింది. ఆ ఇంట్లో లేచిన ఏడుపు నేను రాయలేను. కొంత తెరిపి పడ్డాక ఆమె అడిగిన మొదటి మాట, "నన్ను పిలిచినాడా?" అని. మాతో వచ్చిన కుర్రాడొకడు వెంటనే, "పిలిచినాడమ్మా, అమ్మా అమ్మా అన్నాడు" అన్నాడు. నారాయణమ్మ సిస్టరమ్మ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. పక్కనే ఉండావంట గదా."

చుట్టూ ఉన్నవాళ్లందరూ ఆమెనే చూస్తున్నారు. ఔనని ఒక్క మాట అంటే చాలు. నేను కూడా లోలోపల బతిమాలుకుంటున్నాను.

"లేదమ్మా" అంది సిస్టరమ్మ. "నిన్ను పిలవలేదు. బండికేమన్నా అయిందా అని అడిగినాడు. నొప్పి అన్నాడు. నా చెయ్యి పట్టుకోమంటే పట్టుకున్నాడు. చివరిదాకా నేను వదల్లేదు."

నారాయణమ్మ ఆమె రొమ్ము మీద రెండు చేతులతో తోసింది. "పో! నా ఇంట్లోంచి పో! ఏం ఆడదానివి నువ్వు?" అని అరిచింది. సిస్టరమ్మ లేచి బయటికి వచ్చింది. జీపు ఎక్కుతుందనుకున్నాను. ఎక్కలేదు. పాక ముందు చెక్కని రాయి ఒకటి పడుంటే దాని మీద కూర్చుంది. ఊళ్లోంచి చుట్టాలు వచ్చి ఆ ఇల్లు మనుషులతో నిండేదాకా అక్కడే ఉంది. ఆమెకు మంచినీళ్లిచ్చినవాళ్లు కూడా లేరు.

తిరిగి వస్తుంటే నాకు కోపం ఆగలేదు. "ఒక్క మాట అంటే ఏం పోయేది సిస్టరమ్మా? తల్లి గదా."

"తప్పు చేసినానేమోరా" అంది ఆమె, కిటికీలోంచి బయటికి చూస్తూ. "నాకు తెలీదు." ఆమె భుజాలు కదలడం చూశాను. ఆమె ఏడవగా చూడటం అదే మొదలు.

వానలు మొదలయ్యాక ఒకరోజు నారాయణమ్మ నంద్యాల వచ్చింది. ఎవర్నడిగి కనుక్కుందో, తడిసిన గొడుగు పట్టుకుని మా వీధిలోకి వచ్చి, సిస్టరమ్మ వసారాలో కూర్చుంది. మోపెడ్ ప్లగ్గు మారుస్తూ నేనక్కడే ఉన్నాను. నారాయణమ్మే మాట మొదలుపెట్టింది.

"అందురూ చెప్పినారు, నన్ను పిలిచినాడని. ఒక్కొక్కరూ ఒక్కో తీరుగా చెప్పినారు. ఒకడు అమ్మా అన్నాడంటాడు, ఒకడు మాయమ్మను చూడల్ల అన్నాడంటాడు. నా కొడుకు నాకు తెలీదా? వానికి బండే లోకం. నువ్వొక్కదానివే బండి మాట చెప్తివి. ఆ మాట విన్యాక అది వాడే అని తెలిసింది నాకు." గొడుగు పక్కన పెట్టింది. "చెయ్యి పట్టుకున్న్యానంటివే, అది గూడా నిజమే గదా అనుకున్న్యా. ఏ చెయ్యి?"

సిస్టరమ్మ కుడిచెయ్యి చాచింది. నారాయణమ్మ దాన్ని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. నేను పానా కింద పెట్టి వీధిలోకి నడిచాను. వాన పడుతూనే ఉంది.

ఆ పందెం తర్వాత నేను మళ్లీ పందెం తోలలేదు. ఎవరూ ఒట్టు వేయించుకోలేదు, బాట ముందు నిలబడితే నా చేతులు ఆడలేదు, అంతే. కొన్ని నెలలు దిక్కుతోచనట్టు తిరిగాను. సిస్టరమ్మే ఒకరోజు, "నీకు బండి తోలేది వచ్చు. ఎవురో ఒకరు ఎదురుచూస్తాండే తావుకు తోలు" అంది. అంబులెన్సుకు డ్రైవర్లను తీసుకుంటున్నారని చెప్పింది. ఆ వసారాలోనే నాకు ప్రథమ చికిత్స నేర్పింది. బాలీసుకు కట్లు కట్టించేది. నా కట్టు వదులైతే, "ఇది బాలీసు గాబట్టి ఊరుకుంటాది. మనిషైతే తంతాడు" అనేది. ఉద్యోగం వచ్చిన రోజు మా అమ్మకన్నా ముందు ఆమెకే చెప్పాను. సాసర్లో టీ పోసుకుని, ఊదుకుని, తీరిగ్గా తాగాక, "సందు మొదట్లో హారన్ కొట్టు" అంది. నా అంబులెన్సుకు సైరను ఉంటుందని చెప్తే, "అయితే ఇంగా మంచిది" అంది.

ఏడెనిమిదేళ్ల కిందట ఆమె పోయింది. గుండె జబ్బు. కొన్నాళ్లుగా మంచంలోనే ఉండి, ఒక ఆదివారం పొద్దున, ప్రార్థనకు వెళ్లే చుట్టుపక్కలవాళ్లు పలకరించి పోయాక, కన్ను మూసింది. సమాధి దగ్గర నారాయణమ్మ, ఈశ్వరాచారి ఉన్నారు. ఆళ్లగడ్డ నుంచి ఒక రాయి తెచ్చారు. బతుకంతా అమ్మవార్లను, స్వాములను చెక్కిన మనిషి మొదటిసారి సిలువ చెక్కాడు. అందులో నునుపు తప్ప వేరే సొగసేమీ లేదు. "ఎట్లుండల్లో నాకు తెలీదప్పా. తప్పుంటే చెప్పండి" అని పాస్టరుగారిని అడిగాడాయన. పాస్టరుగారు తప్పేమీ లేదన్నారు.

పోయిన నెల చాగలమర్రి దగ్గర లారీ, కారు గుద్దుకున్నాయి. మేం వెళ్లేసరికి కారు తోలుతున్నాయనకు ఊపిరుంది. నంద్యాల చేరేసరికి లేదు. ఆయన భార్య ఆసుపత్రి గుమ్మంలో నన్ను నిలదీసింది. "ఇంగా కొంచెం బేగా వచ్చింటే బతికుండునా? చెప్పన్నా."

లేదమ్మా, దేవుడొచ్చినా బతికుండేవాడు కాదు అని చెప్పొచ్చు. నా తోటి డ్రైవర్లు అదే చెప్తారు. అందులో దయ ఉంది, కాదనను. కానీ నాకు నిజంగా తెలియదు. పాణ్యం వైపు ఇంకో కేసు దించి బయల్దేరాం, దారిలో రైల్వే గేటు పడింది.

"తెలీదమ్మా" అన్నాను. "చాతనైనంత బేగా వచ్చినా. చాలిందో లేదో నాకు తెలీదు."

ఆమె నన్ను తిట్టింది. బాగా తిట్టింది. మా టెక్నీషియను నా చొక్కా పట్టుకుని లాగాడు, పోదాం రమ్మని. మా డ్యూటీ ఆపాటికే అయిపోయింది. అతన్ని పొమ్మని చెప్పి, ఆమెకు కొంచెం దూరంలో, గోడవారన నేల మీద కూర్చున్నాను. ఆమె తమ్ముడు ఆళ్లగడ్డ నుంచి వస్తున్నాడట. అతనొచ్చేదాకా అక్కడే ఉన్నాను.